ఊళ్లు కలిశాయి... పింఛను ఎవరి పద్దులో?

మణికొండ 2018 దాకా గ్రామ పంచాయతీ. ఆ ఏడాది పక్క ఊళ్లను కలుపుకొని మున్సిపాలిటీ అయింది. 2025 ఆఖరులో, అవుటర్ రింగ్ రోడ్డు లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న మరో 26 పట్టణ స్థానిక సంస్థలతో పాటు హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. పంచాయతీ రోజుల్లో బిల్ కలెక్టర్‌గానో, వాటర్‌మ్యాన్‌గానో చేరిన మనిషికి ఏడెనిమిదేళ్లలో మూడు యాజమాన్యాలు మారాయి. ఆయన తిరిగే వీధులు అవే, తిప్పే వాల్వులు అవే. జీతం బిల్లు మీద ఆఫీసు పేరు మాత్రం మారింది. ఆ పేరు మారిన ప్రతిసారీ, అంతకుముందు చేసిన సర్వీసుకు జవాబుదారీ ఎవరన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

తెలుగు నేలపై స్థానిక సంస్థల విలీనం కొత్తేమీ కాదు. 2005లో గాజువాకనూ, చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి విశాఖను మహానగర పాలక సంస్థ చేశారు. 2013లో భీమిలి, అనకాపల్లి వచ్చి చేరాయి. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, మల్కాజిగిరి వంటి 12 మున్సిపాలిటీలు పాత హైదరాబాద్ కార్పొరేషన్‌తో కలిసి జీహెచ్ఎంసీ అయ్యాయి. ప్రతిసారీ డివిజన్ల సరిహద్దులు, మేయర్ పీఠం రిజర్వేషన్, ఆస్తి పన్ను పెరుగుతుందా, చెత్త బండి వస్తుందా అన్న విషయాలపైనే చర్చ సాగింది. అవన్నీ అడగాల్సినవే. కానీ కలిసిన మున్సిపాలిటీలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగి సర్వీసు ఏ చట్టం ప్రకారం ఎవరికి బదిలీ అవుతుంది, అప్పటికే రిటైరైన వాళ్ల పింఛను ఏ పద్దు నుంచి వస్తుంది అన్న చర్చ ఎక్కడా కనిపించదు. ఆ సంగతి తర్వాత వచ్చే జీవోలకు, మెమోలకు, క్లారిఫికేషన్లకు వదిలేస్తారు. నా వాదన ఇంతే: పింఛను లెక్క విలీన చట్టంలోనే, ఆస్తులూ అప్పుల లెక్క పక్కనే రాసి తీరాలి. ఆ తర్వాత చూద్దాం అనుకున్న చోటల్లా ముసలివాళ్లు కోర్టు మెట్లెక్కారు.

పింఛను యాజమాన్యం దయతో ఇచ్చేది కాదని సుప్రీంకోర్టు 1971లోనే దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పింది. అది ఉద్యోగి ఆస్తి అంది. 1982 డిసెంబర్ 17న డి.ఎస్. నకారా కేసులో ఇంకా విశాలంగా చెప్పింది: పింఛను గతంలో చేసిన పనికి ప్రతిఫలం, వృద్ధాప్యంలో సామాజిక న్యాయం. ఏటా డిసెంబర్ 17న మన జిల్లా కేంద్రాల్లో విశ్రాంత ఉద్యోగులు పెన్షనర్ల దినోత్సవం జరుపుకునేది ఆ తీర్పు తేదీనే. ఈ దృష్టితో చూస్తే, ఒక మున్సిపాలిటీ రద్దయ్యే నాటికి దాని ఉద్యోగి సంపాదించుకున్న పింఛను హక్కు ఆ మున్సిపాలిటీకి ఉన్న అప్పు. కాంట్రాక్టర్ బకాయిని, బ్యాంకు రుణాన్ని కొత్త సంస్థ ఎలా తలకెత్తుకుంటుందో దీన్నీ అలాగే ఎత్తుకోవాలి. తేడా ఏమిటంటే, కాంట్రాక్టర్ బకాయి బ్యాలెన్స్ షీట్‌లో కనిపిస్తుంది, పింఛను బాకీ కనిపించదు. మన స్థానిక సంస్థల్లో చాలావరకు ఏ నెల పింఛను ఆ నెల రాబడిలోంచి ఇచ్చేదే. వెనక నిధి ఉండదు, రేపు ఎంత కావాలన్న లెక్క గట్టించే అలవాటూ లేదు. అందుకే విలీనం వేళ దాన్ని పట్టించుకోకుండా ముందుకు పోవడం అధికారులకు తేలికవుతోంది.

సర్వీసు తెగితే ఎంత నష్టమో ఒక లెక్క వేసి చూద్దాం. పాత పింఛను విధానంలో మన రాష్ట్రాల్లో 33 ఏళ్ల అర్హ సర్వీసుకు ఆఖరి మూలవేతనంలో సగం పూర్తి పింఛను. ఒక ఉద్యోగి 33 ఏళ్లు చేసి, 90,000 రూపాయల మూలవేతనంతో దిగిపోయాడనుకుందాం. నెలకు 45,000 వస్తుంది. అదే ఉద్యోగి మొదటి 16 ఏళ్లు ఒక సంస్థలో, తర్వాతి 17 ఏళ్లు విలీనమైన సంస్థలో చేశాడని, రెండు సర్వీసులనూ విడివిడిగా లెక్కగట్టారని అనుకోండి. మొదటి సంస్థను వదిలిన నాటి మూలవేతనం 20,000. ఆ 16 ఏళ్లకు వచ్చేది 4,848 రూపాయలు. మిగతా 17 ఏళ్లకు 23,182. రెండూ కలిపితే 28,030. పనిచేసిన ఏళ్లు అవే, చేసిన పని అదే, నెలకు దాదాపు 17,000 రూపాయలు మాయం. ఎవరూ ఒక్క రూపాయి కోత విధించలేదు, ఏ నిబంధననూ ఉల్లంఘించలేదు. మొదటి సగం సర్వీసును పాత జీతం దగ్గరే ఆపేయడం వల్ల జరిగిన నష్టం ఇది. కరవు భత్యం, కమ్యుటేషన్ రెండూ ఈ తగ్గిన మొత్తం మీదే లెక్కకొస్తాయి. గ్రాట్యుటీకీ సర్వీసే ఆధారం కాబట్టి అదీ తగ్గుతుంది.

ఇంతకన్నా పదునైన గీత ఇంకొకటి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవారికి కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం వర్తింపజేశారు. ఆ తేదీకి అటువైపున్నవారికి ఆఖరి జీతం ఆధారంగా హామీ ఉన్న పింఛను, ఇటువైపున్నవారికి మార్కెట్‌తో ముడిపడిన ఖాతా. విలీనంలో వాడే ఒక్క మాట ఉద్యోగిని గీతకు ఇవతలికి తెచ్చేస్తుంది. ‘బదిలీ’ అని రాస్తే పాత తేదీ నిలుస్తుంది. ‘కొత్తగా నియామకం’ అనో, ఫలానా తేదీ నుంచి ‘విలీనం చేసుకున్నాం’ అనో రాసి ఊరుకుంటే, 1998లో చేరిన మనిషి కూడా విలీనమైన రోజే చేరినట్టు లెక్క. ఆర్టీసీ విషయం ఇందుకు దగ్గరి ఉదాహరణ. అది స్థానిక సంస్థ కాకపోయినా పాఠం మాత్రం వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబర్‌లో చేసిన చట్టంతో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులయ్యారు. యాభై వేలకు పైగా ఉండే ఆ కుటుంబాలకు అది పండుగే. ఉద్యోగ భద్రత వచ్చింది, ప్రభుత్వ హోదా వచ్చింది. పాత పింఛను రాలేదు. ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ పట్టిన డ్రైవర్‌కు ప్రభుత్వ సర్వీసు లెక్కలో పుట్టిన తేదీ 2020 అయింది. ఆ ముప్ఫై ఏళ్లకు దిక్కు ప్రావిడెంట్ ఫండ్ సంస్థ ఇచ్చే ఈపీఎస్-95 పింఛను. 2014 నుంచి అందులో లెక్కించే జీతానికి పరిమితి 15,000 రూపాయలు, దాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగిస్తారు. ఎంత సర్వీసున్నా ఆ పరిమితి మీద అది సుమారు ఏడున్నర వేల దగ్గర ఆగిపోతుంది. ఆ ఉద్యోగుల సంఘాలు పాత పింఛను కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయంటే కారణం ఇదే.

స్థానిక సంస్థల విషయంలో దేశం మొత్తానికీ పెద్ద పాఠం ఢిల్లీ నేర్పింది. దాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అక్కడ ఒకే సంస్థను మొదట ముక్కలు చేశారు, పదేళ్ల తర్వాత మళ్లీ అతికించారు. రెండు సందర్భాల్లోనూ నలిగింది పింఛనుదార్లే.

2012లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ ఉత్తర, దక్షిణ, తూర్పు కార్పొరేషన్లుగా విడిపోయింది. చిన్న సంస్థలైతే పాలన ప్రజలకు దగ్గరవుతుందన్నది అప్పటి వాదన. భౌగోళికంగా గీసిన ఆ గీతలు ఆదాయాన్ని సమంగా పంచలేదు. సంపన్న కాలనీలు, ఆస్తి పన్ను బాగా వచ్చే ప్రాంతాలు ఎక్కువగా దక్షిణానికి వెళ్లాయి. తూర్పుకు ఇరుకు బస్తీలు, తక్కువ రాబడి మిగిలాయి. ఉద్యోగులు, పెద్ద ఆసుపత్రుల ఖర్చు ఉత్తరానికి భారమయ్యాయి. కొన్నేళ్లకే తూర్పు, ఉత్తర కార్పొరేషన్లు జీతాలివ్వలేని స్థితికి వచ్చాయి. పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగి రోడ్ల మీద చెత్త పోశారు. కరోనా కాలంలో ఉత్తర కార్పొరేషన్ ఆసుపత్రి డాక్టర్లు జీతాల కోసం నిరాహార దీక్ష చేశారు. సమ్మె చేసే అవకాశం కూడా లేనివాళ్లు రిటైరైన టీచర్లు, నర్సులు, ఇంజినీర్లు. పని ఆపుదామంటే వాళ్ల చేతిలో పనే లేదు. నెలల తరబడి పింఛను రాకపోతే వాళ్లకు మిగిలిన దారి హైకోర్టు ఒక్కటే.

కోర్టులో ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. కార్పొరేషన్లు మా దగ్గర డబ్బు లేదన్నాయి, ఢిల్లీ ప్రభుత్వం ఇవ్వాల్సిన వాటా ఇవ్వలేదన్నాయి. ప్రభుత్వం తాను ఇచ్చిన అప్పును ఆ వాటాలోంచి మినహాయించుకున్నానంది. ఆ మినహాయింపును హైకోర్టు 2021 జనవరిలో కొట్టేసింది. జీతం, పింఛను పొందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమనీ, నిధుల్లేవన్నది సాకుగా చెల్లదనీ స్పష్టం చేసింది. పెద్ద అధికారుల, కార్పొరేటర్ల ఖర్చుల వివరాలు చెప్పమని అడిగింది. బకాయిలు తీర్చడానికి గడువులు పెట్టింది. తీర్పు గొప్పదే. అయినా ఆ తీర్పు పట్టుకొని తిరగాల్సి వచ్చింది డెబ్బయ్యో పడిలో ఉన్న మనుషులు.

2022 మేలో కేంద్రం మూడింటినీ మళ్లీ ఒక్కటి చేసింది. విభజన ప్రాంతాల వారీగానూ, ఆదాయం విషయంలోనూ అసమానంగా జరిగిందన్నది బిల్లు చెప్పిన కారణం, అది నిజం కూడా. మూడు సంస్థల ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు ఒక్కచోటికి వచ్చారు. ఇక కష్టాలు తీరినట్టేనని చాలామంది అనుకున్నారు. కానీ కలిసిన సంస్థకు మూడింటి బకాయిలూ వచ్చాయి, వాటిని తీర్చే డబ్బు రాలేదు. ఏకీకరణ తర్వాత కూడా జీతాలు, పింఛన్లు, వేతన సవరణ బకాయిల కేసులు హైకోర్టులో నడుస్తూనే వచ్చాయి. 2024లో ధర్మాసనం కార్పొరేషన్ తీరు మార్చుకోకపోతే పరిణామాలు తీవ్రంగా ఉంటాయని హెచ్చరించాల్సి వచ్చింది. రెండు ఖాళీ గాదెలను ఒకదాన్లో పోస్తే నిండు గాదె కాదని ఊరి రైతుకు తెలుసు. విలీనం పాలనను సరిచేయవచ్చు, సిబ్బందిని సమంగా సర్దవచ్చు. పింఛను డబ్బును పుట్టించలేదు. డబ్బు ఎవరు పోయాలో చట్టంలో రాయకుండా ‘ఆస్తులు, అప్పులు కొత్త సంస్థకు సంక్రమిస్తాయి’ అనే ఒక్క వాక్యం రాసి సరిపెట్టుకుంటే జరిగేది ఇదే.

ఢిల్లీలోనే దీనికి ఇంకో కొసరు కథ ఉంది. నగరానికి కరెంటు ఇచ్చే సంస్థ ఒకప్పుడు మున్సిపల్ కార్పొరేషన్‌లో భాగం. తర్వాత విద్యుత్ బోర్డు అయింది, 2002 జులైలో ముక్కలై పంపిణీ ప్రైవేటు చేతికి వెళ్లింది. పాత బోర్డు ఉద్యోగుల పింఛన్ల కోసం ఒక ట్రస్టు పెట్టారు. ఆలోచన మంచిదే, అందులో పోసిన సొమ్ము మాత్రం చాలలేదు. చివరికి ఆ లోటును వినియోగదారుల బిల్లు మీద సర్‌చార్జిగా వేశారు. 2021 నాటికి అది 7 శాతానికి చేరింది. మన దగ్గర కూడా 1999 ఫిబ్రవరి 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏపీఎస్ఈబీని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టినప్పుడు పింఛను బాధ్యతను గాలికొదల్లేదు. మాస్టర్ ట్రస్టు పెట్టి, జెన్‌కో చేత పింఛను బాండ్లు ఇప్పించి, వాటి భారం కరెంటు చార్జీల్లోకి వచ్చే ఏర్పాటు చేశారు. చార్జీల భారం మీద విమర్శలున్నాయి, అవి సబబే. అయినా విభజనకు ముందు చేరిన విద్యుత్ ఉద్యోగికి పింఛను ఎవరిస్తారన్న ప్రశ్న రాలేదు. రాసిపెట్టారు కాబట్టి రాలేదు. రాయకుండా వదిలిన చోటు కూడా అక్కడే ఉంది చూడండి: 1999 ఫిబ్రవరి 1 నుంచి 2004 ఆగస్టు 31 మధ్య చేరినవారిని పాత పింఛనులో కాకుండా ఈపీఎఫ్‌లో పెట్టారు. తమకూ జీపీఎఫ్, పింఛను వర్తింపజేయాలని వాళ్లు ఇరవై ఏళ్లకు పైగా అడుగుతున్నారు. మిగతా శాఖల్లో అదే కాలంలో చేరినవారికి ఉన్న హక్కు వీళ్లకు లేకుండా పోయింది.

పెద్ద విషయంలో ఎలా చేయాలో మనకు తెలియక కాదు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు పునర్విభజన చట్టంలో పింఛన్లకు ప్రత్యేకంగా ఒక సెక్షన్, దానికి ఎనిమిదో షెడ్యూల్ పెట్టారు. ఉమ్మడి రాష్ట్రం ఇచ్చే పింఛన్ల భారం ఎవరి వాటా ఎంత అన్నది జనాభా నిష్పత్తిలో, 58.32 శాతం ఆంధ్రప్రదేశ్‌కు, 41.68 శాతం తెలంగాణకు అని పార్లమెంటు రాసింది. విభజన చట్టం అమలు మీద రెండు రాష్ట్రాలకూ లెక్కలేనన్ని తగాదాలున్నాయి. తొమ్మిదో షెడ్యూల్ సంస్థల పంచాయితీ ఇంకా తెగలేదు. ఇన్ని తగాదాల మధ్యా రిటైరైన టీచర్‌కు, తహసీల్దార్‌కు ‘నీ పింఛను మాది కాదు, అవతలి రాష్ట్రం వాళ్లను అడుగు’ అని ఎవరూ చెప్పలేకపోయారు. ఒక షెడ్యూల్‌కు ఉన్న బలం అది. రాష్ట్ర విభజనకు ఒక షెడ్యూల్ అవసరమైనప్పుడు 27 స్థానిక సంస్థల విలీనానికి కనీసం ఒక పేజీ అనుబంధమైనా ఎందుకు అవసరం లేదో ప్రభుత్వాలు చెప్పాలి.

సంస్థ మారిన ఉద్యోగి పాత సర్వీసును లెక్కించే పద్ధతి కూడా మన దేశంలో ఎప్పుడో ఉంది. 1984 ఆగస్టు 29న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ప్రభుత్వ శాఖకూ స్వయంప్రతిపత్తి సంస్థకూ మధ్య ఉద్యోగి మారితే రెండు చోట్లా చేసిన సర్వీసు కలుస్తుంది. పాత యాజమాన్యం తన దగ్గర చేసిన కాలానికి పింఛను భారం ఎంతో లెక్కగట్టి ఒకేసారి కొత్త యాజమాన్యానికి చెల్లించేస్తుంది. ఉద్యోగికి ఆఖరున వచ్చేది ఒకే పింఛను, ఆఖరి జీతం మీద. నలభై ఏళ్ల నాటి ఈ సూత్రాన్ని పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ల మధ్య నడిపించడానికి అడ్డేమిటి? రద్దయ్యే చిన్న సంస్థ దగ్గర ఒకేసారి చెల్లించే సొమ్ము ఉండదన్నది ఒక్కటే అడ్డు. అక్కడ రాష్ట్రం చేయి వేయాలి. విలీనం చేయమన్నది ఉద్యోగి కాదు, రాష్ట్ర ప్రభుత్వం.

విదేశాల్లో టొరంటో అనుభవం చూడదగ్గది. 1998 జనవరి 1న ఆరు మున్సిపాలిటీలను, వాటిపై ఉన్న మెట్రో ప్రభుత్వాన్ని కలిపి ఒకే నగరం చేశారు. జీతాల స్కేళ్లు, యూనియన్ ఒప్పందాలు, ఫైర్ స్టేషన్లు, లైబ్రరీల మీద ఏళ్ల తరబడి పేచీలు నడిచాయి. పింఛను మీద పెద్ద పేచీ లేదు. ఎందుకంటే ఒంటారియో రాష్ట్రంలో 1962 నుంచే మున్సిపల్ ఉద్యోగులందరికీ కలిపి ఓమర్స్ అనే ఉమ్మడి పింఛను నిధి ఉంది. ఉద్యోగి, యాజమాన్యం ఇద్దరూ అందులో చెల్లిస్తారు. ఏ మున్సిపాలిటీ ఏ మున్సిపాలిటీలో కలిసినా ఉద్యోగి ఖాతా ఆ నిధిలోనే ఉంటుంది. అంతకు ముందునాటి అయిదు పాత పథకాల్లో మిగిలినవారి బాధ్యతను కొత్త నగరం తీసుకుంది.

అదే ఒంటారియోలో అదే కాలంలో మరో పని జరిగింది. ఆసుపత్రులు, రాష్ట్ర ప్రభుత్వం నడిపే అంబులెన్స్ సేవలను మున్సిపాలిటీలకు అప్పగించారు. పారామెడిక్‌లు ఆసుపత్రుల పింఛను పథకం నుంచో, రాష్ట్ర పథకం నుంచో ఓమర్స్‌లోకి వచ్చారు. పథకాలు వేరు కావడంతో పాత సర్వీసు పాత జీతం దగ్గరే ఆగిపోయింది. పైన మనం వేసుకున్న లెక్కే వాళ్ల జీవితంలో నిజమైంది. రెండు సర్వీసులనూ కలిపే వీలు కల్పించేలా పింఛను చట్టాన్ని సవరించడానికి దశాబ్దానికి పైగా పట్టింది. ఒకే ప్రభుత్వం, ఒకే కాలం, రెండు ఫలితాలు. ఉమ్మడి నిధి ముందే ఉన్నవారికి ఇబ్బంది రాలేదు, లేనివారు తమ పింఛనును కలుపుకోవడానికి చట్టం మారేదాకా ఆగాల్సి వచ్చింది.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. పింఛను భారం ఇప్పటికే రాష్ట్రాల రాబడిలో పెద్ద భాగాన్ని తింటోంది. జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోను రోడ్లకు, నీళ్లకు మిగిలేదెంత అని ఆర్థిక శాఖ అధికారులు అడుగుతారు. కొత్తగా కలిసిన శివారు మున్సిపాలిటీ ఎప్పుడో చేసిన నియామకాల పింఛనును పాత నగరం పన్ను చెల్లింపుదారు ఎందుకు మోయాలని ఇంకొకరు అడుగుతారు. ఈ ప్రశ్నల్లో నిజాయితీ ఉంది. నా జవాబు ఇది: రేపు చేరబోయే ఉద్యోగికి ఏ పథకం ఇవ్వాలన్నది ప్రభుత్వం నిర్ణయించుకోవచ్చు. పాత పింఛనా, కాంట్రిబ్యూటరీనా, ఆంధ్రప్రదేశ్ 2023లో చట్టం చేసిన గ్యారంటీ పింఛనా, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం తెచ్చిన యూనిఫైడ్ పింఛనా అన్నది వేరే చర్చ, దానికి లెక్కలు కావాలి, శాసనసభ కావాలి. నిన్నటి వరకూ చేసిన సర్వీసుకు ఇచ్చిన మాట మాత్రం ఆ చర్చలోకి రాదు. ఆ మాట నమ్మి తక్కువ జీతానికి డ్రైనేజీ గుంతల్లో దిగినవారు, రాత్రుళ్లు పంప్‌హౌస్ కాపలా కాసినవారు ఉన్నారు. వాళ్ల దగ్గర పని తీసుకోవడం అయిపోయింది. శివారు మున్సిపాలిటీ లేఅవుట్ ఫీజులు, ఆస్తి పన్ను, ఖాళీ స్థలాలు మహానగరానికి వచ్చినప్పుడు వాటితో పాటే ఆ బాకీ కూడా వస్తుంది.

ఆర్థిక ఇబ్బంది పేరుతో ఆ మాటను వాయిదా వేయడం కూడా కుదరదని మన అనుభవమే చెబుతోంది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పింఛన్లలో కొంత భాగాన్ని ఆపింది. ఒక విశ్రాంత జిల్లా జడ్జి ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, ఆపిన సొమ్ము ఉద్యోగులకు, పింఛనుదార్లకు హక్కుగా రావాల్సిందేనన్న మాట మీద నిలబడింది. మహమ్మారి రోజుల్లో చెల్లని సాకు, మున్సిపాలిటీలు కలిసిన రోజుల్లో ఎలా చెల్లుతుంది?

ఇక ఈ చర్చలో ఎప్పుడూ చివర మిగిలేవారు అవుట్‌సోర్సింగ్ కార్మికులు. పంచాయతీల్లో, చిన్న మున్సిపాలిటీల్లో ఊడ్చేవారు, చెత్త ఎత్తేవారు, లైట్లు వేసేవారు ఎక్కువమంది వాళ్లే. వాళ్లకు పాత పింఛను ప్రసక్తి లేదు, ఉన్నదల్లా భవిష్యనిధి ఖాతా, ఈపీఎస్ పింఛను. 12,000 రూపాయల జీతం మీద 15 ఏళ్ల సర్వీసుకు ఆ పింఛను నెలకు 2,571 రూపాయలు. పదేళ్ల సర్వీసు నిండకపోతే అదీ రాదు. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త ఖాతా నంబరు, పాత ఏజెన్సీ జీతంలో కోసిన సొమ్ము జమ చేసిందో లేదో తెలియని అయోమయం, ఆధార్‌లో ఒక పేరు, ఖాతాలో ఇంకో పేరు. ఏజెన్సీ ఎగ్గొడితే ఆ సొమ్ముకు అసలు యాజమాన్యమే బాధ్యత వహించాలి. మున్సిపాలిటీ ఉన్నన్నాళ్లు కార్మికుడు వెళ్లి కమిషనర్ గది ముందు కూర్చునేవాడు. ఆ మున్సిపాలిటీ రద్దయి ఫైళ్లు సర్కిల్ ఆఫీసుకో, జోనల్ ఆఫీసుకో మూటగట్టి చేరాక ఎవరి ముందు కూర్చోవాలి? 2,571 రూపాయలే కావచ్చు, అవి పోతే ఆ ఇంట్లో మందుల ఖర్చు పోయినట్టే. రెగ్యులర్ ఉద్యోగికి సంఘం ఉంది, సర్వీసు రిజిస్టర్ ఉంది. ఈయనకు ఉన్నది ఒక గుర్తింపు కార్డు, అదీ రద్దయిన మున్సిపాలిటీ పేరు మీద.

కాగితాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, పింఛను ఆగేది ఎక్కువసార్లు అక్కడే. సర్వీసు రిజిస్టర్‌లో ఇంక్రిమెంట్ నమోదు కాలేదనో, ఫలానా రెండేళ్ల సర్వీసు వెరిఫికేషన్ లేదనో, పాత ఆఫీసు నుంచి నో డ్యూ సర్టిఫికెట్ రాలేదనో ఆడిట్ శాఖ ఫైలును వెనక్కి పంపుతుంది. సంతకం పెట్టాల్సిన పాత ఆఫీసే లేనప్పుడు ఆ అభ్యంతరానికి జవాబిచ్చేదెవరు? కాంట్రిబ్యూటరీ పథకంలో ఉన్నవారికైతే జీతంలోంచి కోసిన సొమ్ము, దానికి జతపడాల్సిన యాజమాన్య వాటా ఉద్యోగి పింఛను ఖాతాకు (ప్రాన్) చేరాయా లేదా అన్నది మరో చిక్కు. అది ఆలస్యమైన ప్రతి నెలా ఉద్యోగికి రాబడి పోతుంది. విలీన తేదీ నాటికి ఈ లెక్క తేల్చకపోతే తర్వాత తేల్చడం దాదాపు అసాధ్యం.

కాబట్టి విలీనం చేసే ప్రభుత్వం చట్టంతో పాటే పింఛను అనుబంధం ఒకటి ప్రచురించాలి. అందులో కలిసే ప్రతి సంస్థలో పింఛను తీసుకుంటున్నవారెందరు, రెగ్యులర్ ఉద్యోగులెందరు, ఎవరు ఏ పథకంలో ఉన్నారు, భవిష్యనిధి బకాయిలెంత అన్నది పేరుపేరునా ఉండాలి. మొదట చేరిన తేదీయే సర్వీసు తేదీ అని, విలీనం ఏ ప్రయోజనానికీ కొత్త నియామకం కాదని ఒక వాక్యం ఉండాలి. కొత్త సంస్థ ఏ నెలైనా చెల్లించలేకపోతే రాష్ట్ర ఖజానా చెల్లించి, తర్వాత ఆ సంస్థకు ఇచ్చే గ్రాంట్లలో సర్దుకుంటుందని ఇంకో వాక్యం ఉండాలి. ఢిల్లీలో లేనిది ఈ వాక్యమే. దీర్ఘకాలానికైతే రాష్ట్రంలోని పట్టణ, గ్రామీణ స్థానిక సంస్థలన్నింటికీ ఒకే పింఛను నిధి పెట్టడం మంచిది. ఏ మహానగరాన్ని రెండుగానో మూడుగానో విడగొట్టినా ఉద్యోగి ఖాతా కదలకుండా ఉంటుంది.

ఆ నిధికి ఏళ్లు పడతాయి. ఈలోగా చేయగలిగింది ఒకటుంది. కలిసిన సంస్థల్లో వచ్చే రెండేళ్లలో రిటైర్ కాబోయేవారి జాబితా తీసి, వారి సర్వీసు రిజిస్టర్ల వెరిఫికేషన్‌కు ప్రతి సర్కిల్‌లో ఒక అధికారిని పేరుతో సహా నియమించాలి. ఫైలు తెగని చోట నిబంధనల్లో ఇప్పటికే ఉన్న తాత్కాలిక పింఛనును రిటైరైన మర్నెల నుంచే ఇవ్వాలి. ఆలస్యమైన నెలలకు సుప్రీంకోర్టు ఖరారు చేసిన 6 శాతం వడ్డీని, పింఛనుదారు అడగకముందే, దాంతో కలిపి జమ చేయాలి.